నాలుగు గళ్ళలో సిరొంచ

బల్ల మీద మరాఠీ పేపరు పరిచి ఉంది. దాని మీద నల్లటి కీబోర్డు లాంటి డబ్బా ఒకటి, అడుగు స్క్రూలన్నీ తీసి, పైమూత సగం ఎత్తి పెట్టి ఉంది. మూతకీ లోపలి బోర్డుకీ మధ్య రెండు పల్చటి రిబ్బన్లు. "జర పైలం, అవి ముట్టుకోకున్రి. ఎండుటాకు లెక్కయినయి" అన్నాడు మెకానిక్, తల ఎత్తకుండానే.

గడ్చిరోలి జిల్లాకు దక్షిణపు కొస సిరొంచ. ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసేది ఇక్కడే. ఆవలి ఒడ్డున కాళేశ్వరం గుడి. దుకాణం బోర్డు మరాఠీలో ఉంటుంది, లోపల మాట తెలుగులో నడుస్తుంది, మధ్యలో వచ్చిన మనిషి గోండిలో అడిగితే జవాబు గోండిలోనే వెళ్తుంది. మెకానిక్‌కి అరవై దాటాయి. రేడియోలతో మొదలుపెట్టి, టేప్ రికార్డర్లు, బ్లాక్ అండ్ వైట్ టీవీలు, ఇప్పుడు మిక్సీలు, ఇన్వర్టర్లు. నదుల మీద వంతెనలు లేని రోజుల్లో ఒక కండెన్సర్ కావాలన్నా పడవెక్కి ఆవలికి వెళ్ళాల్సిందే. గోదావరి పొంగితే ఆ రిపేరు అట్లాగే ఆగిపోయేది. అందుకే ఆయన ఏదీ పారెయ్యడు. గోడ పొడవునా హార్లిక్స్ సీసాల్లో విప్పిన ఐసీలు, ట్రాన్సిస్టర్లు, రెసిస్టర్లు.

ఈ నల్ల డబ్బా ఒక మాస్టారి ఇంటి అటక మీద దొరికింది. ఆ ఇంటి అబ్బాయి పుణెలో చదువుకునేటప్పుడు కొన్నది. మీద డీబీ స్పెక్ట్రమ్ అని రాసి ఉంది. ఇంగ్లండ్‌లో క్లైవ్ సింక్లెయిర్ కంపెనీ 1982 ఏప్రిల్ 23న జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్‌ని విడుదల చేసింది. అప్పట్లో తక్కువ మెమరీ ఉన్న రకం ధర 125 పౌండ్లు. మామూలు ఇంట్లో ఉన్న టీవీకి తగిలించి వాడుకునే కంప్యూటరు కావటంతో అక్కడి పిల్లలు దాని చుట్టూ మూగారు. 1984లో దానికి గట్టి మీటలు పెట్టి స్పెక్ట్రమ్ ప్లస్ తెచ్చారు. ఆ ప్లస్‌నే పుణెలోని డెసిబెల్స్ ఎలక్ట్రానిక్స్ లైసెన్సు తీసుకుని 1986లో మన దేశంలో అమ్మింది. సర్కారు బడుల్లో కంప్యూటర్ పాఠాల పథకం కింద బీబీసీ మైక్రోలు దిగిన కాలం అది. మన హైదరాబాద్ ఈసీఐఎల్ 1969లోనే టీడీసీ-12 తయారు చేసింది కానీ అది ఇంట్లో పెట్టుకునే యంత్రం కాదు. ఇంట్లో, మంచం పక్కన, సొంతంగా పెట్టుకునే కంప్యూటరు అన్నది చాలామందికి ఈ నల్ల డబ్బాతోనే తెలిసింది.

మెమరీ 48 కిలోబైట్లు. ఇవాళ ఫోన్‌తో తీసే ఒక్క ఫొటో కూడా అందులో పట్టదు. గుండెకాయ జెడ్80ఏ ప్రాసెసర్, సెకనుకు 35 లక్షల టిక్కులు కొడుతుంది. ఈ జెడ్80 వంశం చాలా గట్టిది. 1976లో పుట్టి, 2024లో గానీ దాని అసలు రకం తయారీని జైలాగ్ కంపెనీ ఆపలేదు.

అటక మీంచి దించినప్పుడు మాస్టారి ఇంట్లో ఆత్రంగా చేతికందిన ఎలిమినేటర్ ఒకటి పెట్టారట. తొమ్మిది వోల్టులదే, పిన్ను కూడా సరిగ్గా పట్టింది. కానీ ఇప్పటి వాటిల్లో చాలామటుకు పిన్ను మధ్య ప్లస్ ఉంటుంది, స్పెక్ట్రమ్‌కి మధ్యది మైనస్. తిరగబడిన కరెంటు లోపలికి పోయింది. తరవాత సరైనది పెట్టినా తెర మీద నిలువు చారలు తప్ప ఏమీ రాలేదు. పాత యంత్రాలు ముసలితనంతో పోవటం కన్నా ఇలా ప్రేమకొద్దీ చేసిన తొందరలో పోవటమే ఎక్కువని మెకానిక్ అనుభవం. ఎన్నాళ్ళో మూలపడి ఉన్నదాన్ని ముందు విప్పి చూడాలి, తరవాతే కరెంటు ఇవ్వాలి అంటాడు.

ఆయన పని చూడటానికి ఓపిక కావాలి. మల్టీమీటర్ నల్ల తీగను గ్రౌండ్‌కి ఆనించి, ఎర్ర మొనతో ఒక్కో ఐసీ కాలు తడుముతూ వెళ్తాడు. ఈ బోర్డులో మొదటి 16 కిలోబైట్లు ఎనిమిది 4116 చిప్‌లలో ఉంటాయి. అవి మూడు రకాల కరెంటు తింటాయి: ప్లస్ అయిదు, ప్లస్ పన్నెండు, మైనస్ అయిదు. ఒకటో కాలు మీద మైనస్ అయిదు ఉండాలి. మీటర్ సున్నా చూపించింది. ఎనిమిదో కాలు మీద పన్నెండు ఉండాలి, అదీ లేదు. ఆ రెండింటినీ పుట్టించే చిన్న సర్క్యూట్‌లో టీఆర్4 అనే ట్రాన్సిస్టర్ మాడిపోయింది. స్పెక్ట్రమ్ బాగుచేసే వాళ్ళందరికీ మొదట గుర్తొచ్చే పేరు అది. మైనస్ అయిదు లేకుండా మిగతా కరెంటు తగిలితే 4116 బతకదు. వేలు పెట్టి చూస్తే రెండు చిప్‌లు కాలిపోతున్నాయి.

ట్రాన్సిస్టర్ హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీ నుంచి తెప్పించాడు. చిప్‌లు మాత్రం హార్లిక్స్ సీసాలోంచే వచ్చాయి. ఎప్పుడో తూకానికి కొన్న తుక్కు బోర్డులవి. పాతవాటిని పీకేటప్పుడు బోర్డు మీది రాగి గీత లేచిపోకూడదని కాళ్ళన్నీ ముందు కత్తిరించి, ఒక్కో కాలు కాచి, పట్టకారుతో తీశాడు. వాటి చోట సాకెట్లు పెట్టాడు. ఇంకోసారి పోతే వేళ్ళతో మార్చుకోవచ్చు. ఎండిన కండెన్సర్లు కూడా అన్నీ మార్చాడు.

పాత యంత్రం సిగ్నల్‌ని టీవీ చానల్‌గా మార్చి పంపుతుంది. ఇప్పటి టీవీ దాన్ని సరిగ్గా పట్టుకోదు. ఆ మార్పు చేసే లోపలి చిన్న డబ్బాలో ఒక రెసిస్టర్ విప్పి, వీడియో తీగను నేరుగా పసుపు పిన్నుకి కలిపాడు. స్విచ్ వేశాడు. తెర ముందు నల్లబడి, తరవాత తెల్లబడింది. అడుగున చిన్న అక్షరాల్లో 1982, సింక్లెయిర్ రీసెర్చ్ లిమిటెడ్. గడ్చిరోలి జిల్లా ఏర్పడింది అదే ఏడాది ఆగస్టు 26న. అంటే ఆ తెర మీది మాట ఈ జిల్లా కంటే నాలుగు నెలలు పెద్దది. ఆ సంగతి చెబితే మెకానిక్ చాలాసేపు తెర వంకే చూశాడు.

ఆటలు, ప్రోగ్రాములు క్యాసెట్ మీద ఉండేవి, శబ్దంగా. సున్నాకి పొట్టి కూత, ఒకటికి దానికి రెట్టింపు కూత. ఇప్పుడు ఆ శబ్దాన్ని ఫోన్‌లో పెట్టుకుని, వాల్యూమ్ నిండా పెంచి, తీగతో చెవి సాకెట్‌కి ఇస్తాడు. తెర అంచున ఎరుపు, లేత నీలం చారలు కదిలాయి, ఆపైన నీలం, పసుపు. మెమరీ నిండా ఎక్కాలంటే అయిదు నిమిషాలు పడుతుంది. ఆ అయిదు నిమిషాలూ వీధిలో పోయేవాళ్ళు ఆగి చూశారు.

కానీ ఆయన మనసు ఆటల మీద లేదు. స్పెక్ట్రమ్‌లో మన సొంత బొమ్మలు వేసుకోవటానికి 21 చోట్లు ఖాళీగా ఉంటాయి. ఒక్కోటి ఎనిమిది అడ్డం, ఎనిమిది నిలువు చుక్కల గడి. ఇరవై ఒకటిలో తెలుగు గుణింతాలన్నీ ఎక్కడ పడతాయి? అందుకని ఊరిపేరుతో మొదలుపెట్టాడు. మనవరాలి గ్రాఫు పుస్తకంలో నాలుగు గళ్ళు గీసి సి, రొ, సున్న, చ అని నింపాడు. సున్న సులువు. వరసకో అంకె చొప్పున 0, 60, 66, 66, 66, 66, 60, 0. మిగతావి నాలుగైదుసార్లు చెరిపి దిద్దాల్సి వచ్చింది. సి మీది గుడికి చోటు ఇవ్వాలంటే కింది కడుపు నొక్కాలి. నొక్కితే అది ఇంకేదో అక్షరంలా కనిపిస్తుంది.

ఎంటర్ కొట్టాడు. తెల్లటి తెర మీద నల్లగా, కాస్త మొరటుగా, సిరొంచ.

ఆ పక్క పేజీలో ప్రాణహిత మొదలై ఉంది. ణ, హి, త కుదిరాయి. ప్రా దగ్గర క్రావడికి గడిలో వరసలు చాలలేదు. కింద ఇంకో గడి అతికిస్తే సరిపోతుందేమో చూస్తానని పెన్సిల్ చెక్కుతూ కూర్చున్నాడు.