పన్నెండు లక్షలూ, కంపెనీ క్వార్టరూ

2025 ఫిబ్రవరి 1న మన నరసాపురం కోడలు నిర్మలా సీతారామన్ గారు కొత్త పన్ను విధానంలో పన్నెండు లక్షల దాకా పన్ను లేదని బడ్జెట్లో చదివారు కదండీ. స్టాండర్డ్ డిడక్షన్ 75 వేలు కూడా కలుపుకుంటే జీతగాళ్లకి పన్నెండు ముప్పావు లక్షల దాకా సున్నా. ఆ సాయంత్రం దేశమంతా వేళ్ల మీద లెక్కలేసుకుంది. జంషెడ్‌పూర్‌లో మాత్రం చాలామంది ఒక అంకె వేయడం మర్చిపోయారు. ఏమిటంటే, తాము కాపురముంటున్న ఇల్లు.

కదమాలో మా పక్కింటి బాబాయిది శ్రీకాకుళం వైపు. కంపెనీ క్వార్టర్లో ఉంటాడు. ఫారం 16 చేతికొచ్చిన రోజు దాన్ని నా ముందు పరిచి, “జీతం పన్నెండున్నర లక్షలే గదా నాయనా, మరీ ముప్పై రెండు వేలేటి?” అన్నాడు. దానికి జతచేసిన ఫారం 12బిఎ తిప్పాం. నేరస్థుడు అక్కడ దొరికాడు: వసతి విలువ, 56,500.

ఆ అంకె ఎలా వచ్చిందో చెబుతాను, ఓపిగ్గా వినండి. కంపెనీ సొంత ఇల్లిస్తే, దాని విలువ జీతంలో ఇంత శాతమని ఆదాయపు పన్ను రూల్సే కట్టేస్తాయి. 2023 సెప్టెంబరు నుంచి 2011 జనాభా లెక్కల ప్రకారం 40 లక్షలు దాటిన నగరాల్లో 10 శాతం, 15 నుంచి 40 లక్షల మధ్య అయితే ఏడున్నర, మిగతా ఊళ్లలో 5. మనది ఆ ఆఖరి వరస. పన్నెండున్నర లక్షల్లో 5 శాతం 62,500. బాబాయి నెలకి కట్టే అద్దె 500, ఏడాదికి 6,000 తీసేస్తే 56,500. ఇది జీతంలో కలిసింది. స్టాండర్డ్ డిడక్షన్ పోగా ఆదాయం 12,31,500 తేలింది. పన్నెండు లక్షల గీత దాటేశాం! గీత దాటిన కొత్తలో, పైన ఎంత ఉంటే అంతకి మించి పన్ను వేయకూడదని ఒక ఊరట ఉంది. ఆ ఊరట ఇచ్చాక కూడా 31,500, దాని మీద 4 శాతం సెస్సు, వెరసి 32,760. క్వార్టరు లేకపోతే సున్నా!

“అయితే క్వార్టరు ఖాళీ చేసేద్దామా?” అంది పిన్ని లోపల్నుంచి. చేసి ఎక్కడికెళతారు? నది అవతల మాన్‌గోలో అద్దెకి దిగితే పన్ను పోతుంది సరే, అద్దె మాత్రం అంతకంతా అవుతుంది. కొత్త పన్ను విధానంలో ఇంటి అద్దె భత్యానికి మినహాయింపూ లేదు. కాబట్టి క్వార్టరు వాడికి పన్ను వేయడంలో మౌలికంగా అన్యాయం ఉందని నేననను. అద్దె కట్టేవాడు తన జీతంలోంచి కట్టుకుంటున్నాడు. క్వార్టరు వాడికి ఆ ఖర్చు మిగిలింది. మిగిలింది ఆదాయమే.

మరి తగువెక్కడ? అది తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. ఈ ఊరు టాటా కంపెనీ కట్టిన ఊరు. 1912లో ఉక్కు తీశారు, 1919లో జంషెడ్‌జీ పేరు పెట్టారు. చట్టాలు అడగకముందే 1920లో ప్రావిడెంట్ ఫండ్, 1934లో లాభాల్లో బోనస్ ఇచ్చారు. మన ఉత్తరాంధ్ర జనం రైలెక్కి వచ్చి, బిష్టుపూర్‌లో రామాలయం కట్టుకుని స్థిరపడ్డారు. ఇక్కడ ఇల్లు, నీళ్లు, ఆస్పత్రి ఉద్యోగంతో పాటు వచ్చేవి. అలాంటి ఊళ్లో, ఇంటికి విలువ కట్టడానికి 2001లో కొత్త రూలొచ్చింది. ఇంటి అసలు అద్దె ఎంత చేస్తుందో చూడక్కర్లేదు, జీతంలో శాతం చూస్తే చాలు. దానితో కేసులు మొదలయ్యాయి. ఇక్కడి టాటా వర్కర్స్ యూనియన్ జార్ఖండ్ హైకోర్టుకెక్కింది. వేరే ఊళ్లలో బీహెచ్‌ఈఎల్ వాళ్లు, బొగ్గు గనుల అధికారులూ వెళ్లారు.

2006 సెప్టెంబరులో అరుణ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది: రూలు చెల్లుతుంది గానీ, ముందు అద్దెలో రాయితీ ఇచ్చారని రుజువు కావాలి, ఆ తర్వాతే లెక్క. ఉద్యోగులు ఊపిరి పీల్చుకున్నారు. కానీ 2007 ఫైనాన్స్ చట్టంలో, ఆ శాతం కన్నా అద్దె తక్కువైతే రాయితీ ఇచ్చినట్టేనని రాసేశారు. అదీ 2002 ఏప్రిల్ నుంచే వర్తించేటట్టు! కోర్టులో గెలిచి పార్లమెంటులో ఓడడమంటే ఇదేనండి.

ఇప్పుడు నా ఫిర్యాదు వినండి. మీకు సొంతిల్లు ఉండి అందులోనే ఉంటే, మిగిలిన అద్దె మీద పన్నెంత? సున్నా. ఇప్పుడు రెండిళ్ల దాకా సున్నా. కలెక్టరు గారి బంగళాకో? ప్రభుత్వోద్యోగికి ఇంటి విలువంటే ప్రభుత్వం నిర్ణయించిన లైసెన్సు ఫీజే. ఆయన కట్టేదీ అదే. రెండూ కొట్టుకుపోతాయి, మళ్లీ సున్నా. మనకి నోటీసు పంపే ఇన్‌కంటాక్సు ఆఫీసరు ప్రభుత్వ క్వార్టర్లో ఉంటే ఆయనకీ ఇదే వైభోగం. కంపెనీ క్వార్టరు వాడికే శాతం! అయిదు శాతమే కదా అంటే, గీత దగ్గర నిలబడ్డవాణ్ణి లోయలోకి తోయడానికి అది చాలని బాబాయి లెక్క చెప్పింది.

అన్నీ చేదే కాదు. కంపెనీ నడిపే ఆస్పత్రిలో వైద్యం జీతంలో కలవదు. 2023 మార్పుల్లో ఇంకో మంచి మాటుంది: అదే ఇంట్లో ఏళ్ల తరబడి ఉంటే, జీతం ఎంత పెరిగినా ఇంటి విలువ మొదటి ఏడాది అంకె మీద ధరల సూచీ పెరిగినంతే పెరగాలి. వేతన ఒప్పందం అయినప్పుడల్లా పాత గోడలకి కొత్త విలువ కట్టడం తప్పింది.

2026 ఏప్రిల్ 1 నుంచి 1961 ఆదాయపు పన్ను చట్టం పోయి 2025 చట్టం వచ్చింది. భాష తేలికైంది, ‘అసెస్‌మెంట్ ఇయర్’ పోయి ‘టాక్స్ ఇయర్’ వచ్చింది. మంచిదే. కానీ చర్చంతా ఏ స్లాబులో ఎంత శాతం అన్న దాని చుట్టూనే తిరుగుతోంది. దేన్ని ఆదాయం అనాలి, ఎవరికి అనాలి అన్నదే అసలు చర్చ. కంపెనీ ఇంటికి విలువ కట్టండి, కాదనం. అదే కొలత సర్కారీ బంగళాకీ పెట్టండి. అది చేతకాదంటే, మాదీ లైసెన్సు ఫీజుతోనే సరిపెట్టండి.

బాబాయికి ఇదంతా చెప్పాక ఆయన అడిగిందొక్కటే: “పాత విధానంలోకెళ్తే?” పీఎఫ్ కోత, ఇన్సూరెన్సు కలిపి లక్షన్నర చూపించినా లెక్క తలకిందులే, కొత్తదే నయం. దొంగ విరాళాల రసీదులు అమ్మేవాళ్ల జోలికి మాత్రం పోవద్దన్నాను. 2025 జూలైలో అలాంటి ఏజెంట్ల మీద దేశమంతటా సోదాలు జరిగాయి. మీరూ ఫారం 16 అందుకున్నాక మొదటి పేజీతో ఆగకండి. 12బిఎలో ఇంటి అంకె, మీరు కట్టిన అద్దె తీసేశారో లేదో, మొదటి ఏడాది పరిమితి పాటించారో లేదో చూసి, తేడా ఉంటే రిటర్ను వేయకముందే అకౌంట్సు వాళ్లని అడగండి.