వెనక గుండు

మాది సంతబొమ్మాళి మండలం భావనపాడు. ఒకపక్క సముద్రం, ఇంకోపక్క నౌపడ ఉప్పుమళ్లు. మా అయ్య ఆ మళ్లలో ఉప్పు మోశాడు. మేం అదే ఉప్పుని బండికెత్తి రేవుకి తోలాం. ఒక తరంలో మాకొచ్చిన మార్పు అంతే. నెత్తిమీది బరువు చక్రాలమీదికి దిగింది.

బండి టాటా ఏస్. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి ఇరుసు మునిగేదాకా నీళ్లలో ఉండిపోయింది. కొన్నాళ్లకి వెనకనుంచి ఏడుపు మొదలైంది. తమ్ముడు చెవి పెట్టి విన్నాడు. "క్రౌనూ పినియనూ అరిగిపోనాయన్నియ్యా. డిఫరెన్షియల్ గుండు మార్చాల" అన్నాడు.

వాడు టెక్కలిలో ఒక షెడ్డులో ఆరేళ్లున్నాడు. పానా అందించాలిగానీ బిగించకూడదు. "పేటోడివి, నీకేలరా ఆ లెక్కలు?" అనేవారు. టీ గ్లాసు వేరు. విప్పిన సామాను డీజిల్లో కడగడమే వాడి పని. కానీ కడిగినోడికి తెలిసినంత లోపలి సంగతి ఇంకెవరికి తెలుస్తుంది? ఏ పన్ను ఎలా అరుగుద్దో ఆ వేళ్లకి తెలుసు.

అంచేత మా వాకిట్లోనే విప్పాం. ఇసకనేల కదా, జాకీ దిగబడకుండా కింద పడవపలక వేశాం. ముందుచక్రాలకి రాళ్లడ్డుపెట్టి, వెనక లేపి, ఛాసిస్ కింద దుంగలు ఆనించాం. ఆయిలు దించితే పాలు కలిపిన టీలా వచ్చింది. అడుగున ఇనపరజను మెరిసింది. గాలిగొట్టంలోంచి నీళ్లు దూరాయన్నమాట. ప్రొపెల్లర్ షాఫ్టు విప్పేముందు, మళ్లీ అలాగే కలపడానికి రెండంచులమీదా గాటు పెట్టాడు. చక్రాలు తీసి, రెండుపక్కలా ఎక్సిల్ కడ్డీలు లాగాకగాని నడిమి గుండు రాలేదు. క్రౌనూ పినియనూ జోడీ. ఒకటి పాతదీ ఒకటి కొత్తదీ పెడితే పళ్లు కలవవు. విశాఖపట్నం పాతసామాన్ల కొట్లో కొన్న గుండుని ఏకంగా ఎక్కించాం. కొత్త గాస్కెట్ వేసి, తొంభై నెంబరు గేరాయిలు బొడ్డంచుదాకా పోశాం. ఏడుపు ఆగింది.

ఈ గుండు చేసే పనేమిటి? మలుపులో బయటి చక్రానికి దూరం ఎక్కువ, లోపలిదానికి తక్కువ. రెండింటినీ ఒకే కడ్డీకి బిగిస్తే ఏదో ఒక టైరు నేలకి రాసుకుపోవాల్సిందే. 1820లలో ఫ్రాన్సులో పెకర్ అనే గడియారాల పనివాడు ఆవిరిబండికోసం ఈ ఏర్పాటుకి పేటెంటు తీసుకున్నాడు. దేని దూరాన్నిబట్టి అది తిరుగుద్ది. బండి మాత్రం ఒక్కటిగానే పోద్ది.

"అందరూ సమానమే కదా, మీకు వేరే లెక్కేమిటి?" అని రిజర్వేషన్లమీద మమ్మల్ని నిలదీసే పెద్దమనుషులు ఈ గుండుని ఒక్కసారి విప్పి చూడాలి. పానా పట్టడానికి మీ పిల్లడికి ఒక పూట చాలు. మా వాడికి ఆరేళ్లు పట్టింది. ఆ దూరం మేం కోరుకున్నది కాదు. దూరం ఎక్కువున్న చక్రానికి ఎక్కువ తిరిగే వీలుండాలి. అది దయ కాదు, లెక్క.

ఇప్పుడు మా పేట కుర్రాడొకడు తమ్ముడి దగ్గర పని నేర్చుకుంటున్నాడు. మొదటిరోజే వాడి చేతిలో పానా పెట్టాడు తమ్ముడు. "కడగడమంటావా, ఇద్దరం కడుగుదాం లేరా" అన్నాడు.