పార్టులు పాడు పెట్టె

మా సంఘములో ఒక చిన్న పెట్టె విషయమై మూడు కమిటీ సమావేశములు జరిగినవి. గుడి పైకప్పు కారినప్పుడైనను ఇన్ని జరుగలేదు. ఆ పెట్టెను హార్మనీ పెడల్ అందురు. పాడువారి పాదముల యొద్ద నేలమీద నుంచుదురు. మైకు తీగ దానిలోనికి వచ్చి, దానిలోనుండి మిక్సరునకు పోవును. కాలితో మీట నొక్కగానే ఒక్కరు పాడుచున్న పాట ఇద్దరు ముగ్గురు పార్టులుగా పాడినట్లు వినబడును. పల్లె సంఘములు కొన్ని ఇట్టిదానిని కొనవలెనని తలంచుచున్నవని విన్నందున, మా పొరపాట్లతో సహా మా అనుభవమును ఇక్కడ వ్రాయుచున్నాను.

మాది కృష్ణ కాలువల క్రిందనున్న గ్రామము. 2009లో నేనిక్కడికి వచ్చునప్పటికి పాటల బృందములో పదునెనిమిదిమంది యుండిరి. ఆడపిల్లలు పెండ్లిండ్లయి వెళ్లిరి. మగపిల్లలు హైదరాబాదునకు కొందరు, గల్ఫు దేశములకు కొందరు వెళ్లిరి. 2023 నాటికి మిగిలినది డిగ్రీ చదువుచున్న ఒక అమ్మాయి, గిటారు వాయించు ఒక కుర్రవాడు, వీరితోపాటు మా టీచరమ్మగారు. ఆమె బడిలో ముప్పది యేండ్లు చెప్పి విశ్రాంతి తీసికొనినవారు. డెబ్బది నాలుగేండ్ల వయస్సు. చిన్ననాటినుండి ఆల్టో పాడినవారు. మోకాళ్ల నొప్పులవలన వేదిక ఎక్కలేరు గనుక మొదటి బల్లమీదనే కూర్చుండి పాడుదురు. మైకు ఆమె వరకు రాదు.

ఒకనాడు అమ్మాయి నాతో, "అయ్యగారూ, వేదిక మీద ఒక్కదాన్నే పాడుతుంటే నా గొంతు గాలిలో కలిసిపోతున్నట్టుంటుందండీ. హార్మనీ పెడల్ కొందామండీ" అనెను.

నాకు మొదట నచ్చలేదు. వేదాంత కళాశాలలో చదువుకొను దినములలో నేను బాస్ పార్టు పాడినవాడను. ఎదుటివాని స్వరము వినుచు, నా స్వరమును అతనికి తగినట్లు తగ్గించుకొనుట అక్కడ నేర్చితిని. ఒక మనిషి పాడుచుండగా ముగ్గురు పాడుచున్నట్లు వినిపించుట మోసము కాదా అనిపించెను. అయితే నా చిన్నతనమున మా ఊరి గుడికి మైకుసెట్టు వచ్చినప్పుడు మా తాతగారు ఇట్లే అభ్యంతరపడిరని జ్ఞాపకము వచ్చినది. నేడు ఆ మైకు లేనిదే నేను ప్రసంగము చేయను. కావున నోరు మూసికొంటిని.

ఈ యంత్రము ఎట్లు పనిచేయునో కొంత తెలిసికొననిదే దానిని ఎంచుకొనుట కుదరదు. అమెరికాలోని ఈవెంటైడ్ కంపెనీవారు 1975లో హార్మనైజరు అను యంత్రమును అమ్మకమునకు తెచ్చిరి. అది స్వరమును ఒకే కొలతలో ఎత్తును లేదా దించును. నాలుగు మెట్లు ఎత్తుమనిన, ప్రతి స్వరమును నాలుగు మెట్లే ఎత్తును. పాటకు అది చాలదు. శంకరాభరణములో 'స' మీద 'గ' పలుకవలెననిన గిటారు మీద నాలుగు మెట్లు పోవలెను. 'రి' మీద 'మ' పలుకవలెననిన మూడే మెట్లు. పాడునది ఏ స్వరమో, పాట ఏ స్కేలులో నున్నదో రెండును తెలిసినగాని రెండవ గొంతు సరిగా రాదు. నేటి పెడల్ పాడు స్వరమును తానే కనిపెట్టును. స్కేలును మాత్రము ఎవరైన దానికి చెప్పవలెను. కొన్నిటికి మనమే మీట త్రిప్పి చెప్పవలెను. కొన్నిటిలో గిటారు తీగను కూడ గ్రుచ్చినయెడల, గిటారు వాయించు కార్డులను వినుచు అదే గ్రహించును. వెల, అందము, ఎన్ని గొంతులు వచ్చును అను ప్రశ్నలన్నియు దీని తరువాతివే. ఈ సంగతి మాకు క్రిస్మసు రాత్రి తెలిసినది.

2023 క్రిస్మసు కార్యక్రమమునకు ప్రక్క ఊరి కుర్రవారి యొద్దనుండి ఒక పెడల్ అరువు తెచ్చితిమి. అది స్కేలు మనము చెప్పవలసిన రకము. మా గిటారు కుర్రవాడు దానిని 'జి' మేజరులో పెట్టెను, తాను పట్టుచున్న కార్డులు 'జి' కార్డులే గనుక. అయితే అమ్మాయి గొంతుకు తగినట్లు గిటారుకు రెండవ మెట్టున కేపో బిగించియుండెను. కార్డు ఆకారము 'జి'యే గాని, పలుకుచున్నది 'ఏ'. ఆ సంగతి పెట్టె కేమి తెలియును? అమ్మాయి షడ్జమమున నిలిచినప్పుడెల్ల గిటారు అంతర గాంధారము పలుకగా, పెట్టె దానికి ఒక మెట్టు క్రింద సాధారణ గాంధారము పలికెను. కొన్ని స్వరములు చక్కగా కలిసినవి గనుక తప్పెక్కడో ఎవరికిని అంతుచిక్కలేదు. ఒక చరణమంతయు సంతోష గీతము శోక గీతమువలె ఏడ్చినది. పిల్లలు నవ్విరి. అమ్మాయి కండ్లు నీళ్లతో నిండగా మీట నొక్కి దానిని ఆపి, మిగిలిన పాట ఒంటరిగా పాడి ముగించెను. కీబోర్డు వాయించువారు ట్రాన్స్‌పోజు మీట నొక్కి, చేతులు మాత్రము ఎప్పటి స్థానములలోనే ఆడింతురే, వారికిని ఇదే గండము పొంచియుండును.

జనవరి కమిటీలో నేనే లేచి, గిటారును వినగల పెడల్ కొందమని వాదించితిని. ఆ ఉత్సాహములో, "ఇకమీదట మన సంఘములో రెండవ గొంతుకు కొరత యుండదు" అని కూడ అంటిని. ఆ మాట అనవలసినది కాదు. ఆ తరువాత మూడు శనివారములు టీచరమ్మగారు పాటల అభ్యాసమునకు రాలేదు. మోకాళ్ల నొప్పులనుకొంటిని. అసలు సంగతి అమ్మాయి చెప్పినది.

నేను ఆమె ఇంటికి వెళ్లితిని. కాఫీ ఇచ్చి, వడ్ల ధరలు మాటలాడి, కడపట ఆమె, "పెట్టె వస్తోందిగా అయ్యగారూ, ఇంక నాతో పనేముంది?" అనిరి. కోపముగా ననలేదు. అంగడి మూసివేసినవారు తాళపుచెవి అప్పగించినట్లు అనిరి. నా యొద్ద సమాధానము లేదు. క్షమించుమని అడిగితిని. పిమ్మట, "మీరు వినకుండ మేము దేనిని కొనము. విజయవాడకు మాతో రండి" అని బ్రతిమాలితిని.

ఫిబ్రవరిలో కారు మాట్లాడుకొని నలుగురము వెళ్లితిమి. మా గిటారు, మా మైకు మేమే తీసికొనిపోతిమి. దుకాణములోని మంచి మైకులో మంచి గొంతువారు పాడి చూపినది నమ్మి కొనినవారు ఇంటికి వచ్చి విచారింతురు. టీచరమ్మగారు స్టూలు మీద కూర్చుండి కండ్లు మూసికొనిరి. అమ్మాయి ఒకే పాటను పెట్టె తరువాత పెట్టెలో పాడెను. ఆ దినమున విన్నవానిలో బాస్ కంపెనీవారి వి.ఇ.-20, వి.ఇ.-2, టి.సి. హెలికన్ వారి హార్మనీ సింగర్ ఉండినవి. వి.ఇ.-20లో హంగులు ఎక్కువ, పాడినదానిని పట్టి మరల మరల వినిపించు సౌకర్యము కూడ నున్నది. అయితే దానికి గిటారు తీగ గ్రుచ్చు చోటు లేదు, స్కేలు మనమే చెప్పవలెను. తక్కిన రెండును గిటారును వినును.

దుకాణదారుడు గొంతులు మరింత ఎక్కువగా పలుకు పెద్దదానిని కూడ చూపెను. టీచరమ్మగారు కండ్లు తెరువకయే, "పదిమంది ఒకే నోటితో పాడినట్టుంది, తీసేయండి" అనిరి. అది నిజము. రెండవ గొంతు కూడ అమ్మాయి గొంతునుండి చేసినదే గనుక, ఎన్ని చేర్చినను ఊపిరి ఒక్కటే, ఉచ్చారణ ఒక్కటే. ఒక గొంతు చేర్చి, దాని ధ్వని సగమునకు తగ్గించినప్పుడే వినుటకు బాగుండెను. ధ్వని హెచ్చించినకొలది స్పీకరు కూతపెట్టుటయు ఎక్కువగును.

పిమ్మట ఆమె మా పాటల పుస్తకములోని ఒక నాలుగు పార్టుల పాటను పాడించిరి. విని తల అడ్డముగా త్రిప్పి, "ఆల్టో ఇలా సొప్రానో కొంగు పట్టుకుని పరిగెత్తదండీ. ఇక్కడ రాగం పైకి పోతుంటే ఆల్టో కదలకుండా ఒకే స్వరం మీద నిలబడాలి" అని, నిలిచి పాడి చూపిరి. దుకాణములోని పనివారు సహితము పని మాని వినిరి.

తరువాత మోహన రాగములోని ఒక కీర్తన. మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలో పాట మీద రాగము, తాళము అచ్చువేసియుండుట మీరెరుగుదురు. పురుషోత్తమ చౌదరిగారి కాలమునుండి అవి ఒకే గొంతు నడకకు కట్టిన పాటలు. స్కేలు మేజరు అని పెట్టి పాడించితిమి. మోహనలో 'మ' లేదు, 'ని' లేదు. అమ్మాయి 'రి' పాడగా పెట్టె 'మ' పలికెను. 'ప' పాడగా 'ని' పలికెను. ఉన్న అయిదు స్వరములలో రెండింటికి రాగములో లేని పొరుగు స్వరములను తెచ్చి పెట్టెను. గమకమున్న చోట ఏ స్వరమో తేల్చుకొనలేక ఇటునటు గంతులువేసెను. మాయామాళవగౌళ కీర్తనయైతే అది మేజరును కాదు, మైనరును కాదు, ప్రయత్నమైనను చేయలేదు. యంత్రమును నిందించుటకు లేదు. దానికి నేర్పిన సంగీతము వేరు.

అప్పుడు టీచరమ్మగారు అడిగిన ప్రశ్న నాకు తట్టనే తట్టలేదు: "దీన్ని ఆపేది ఎక్కడ?" మేమంతయు పలికించుట గూర్చియే చూచుచుంటిమి. మన గుడులలో చెప్పులు వెలుపల విడిచి, వట్టికాళ్లతో నిలిచి పాడుదుము. కొన్ని పెడల్సు మీట బూటుకాలికి తగినట్లు గట్టిగా నుండును. అమ్మాయి చెప్పులు విడిచి ఒక్కొక్కదానిని నొక్కి చూచెను. ఏది పాట మధ్యలో, చూడకుండ, తడుముకొనకుండ ఆగునో దానినే ఎంచుకొంటిమి. అది గిటారును వినును; గిటారు లేనప్పుడు స్కేలు చెప్పుటకును వీలున్నది. మేము తీసికొనినది వి.ఇ.-2. చేర్చిన సొమ్ములో కొంత మిగిలినది కూడ.

కొనువారికి మరి రెండు మాటలు. కరెంటు ఎడాప్టరు పెడల్‌కు తగినదే వాడుడి. కీబోర్డు ఎడాప్టరు ప్లగ్గు సరిపోయినను లోపలి ప్లస్సు మైనస్సులు తారుమారుగా నుండి పెట్టె పాడగును. మైకును పెదవులకు దగ్గరగా పట్టుకొనుడి. లేనియెడల అది డ్రమ్మును కూడ విని తికమకపడును. గిటారును మాత్రము ప్రతిసారి శ్రుతి చేయవలెను, ఇప్పుడు దాని వెంట నడచువారు ఇద్దరు గనుక.

2024 క్రిస్మసునకు పెట్టె పనిచేసినది. పల్లవులలో నిండుగా వినబడెను. అమ్మాయి భయము కొంత తీరెను. ఆదివార ఆరాధనలో దానిని వాడకూడదని కమిటీ వ్రాసికొన్నది. నేనైతే అంత పట్టుదలగా లేను, తీర్మానము చేయించినది కుర్రవారే. శనివారము సాయంకాలము టీచరమ్మగారు బడి పిల్లలు నలుగురికి ఆల్టో చెప్పుచున్నారు. వారిలో ఒకతెకు చెవి మంచిది. మిగిలినవారు బిస్కట్ల కొరకు వత్తురు.

పాటల పుస్తకములో ఆమె ఎఱ్ఱ పెన్సిలుతో గుర్తులు పెట్టుచున్నారు. నొక్కవలసిన చోట ఒక గీత, విడువవలసిన చోట ఒక అడ్డగీత. మొన్నటికి ఇరువది మూడు పాటలు ముగిసినవి. మోహన కీర్తన ప్రక్కన గీతలు లేవు. పెద్ద సున్న చుట్టియున్నది.