జ్యూరిక్‌లో తిండికి దిగులక్కర్లేదు

యూరప్ అనగానే మనవాళ్లు ముందు పచ్చళ్లు, పొడులు సర్దుకుంటారు. జ్యూరిక్‌లో మాత్రం శాకాహారులు నిశ్చింతగా ఉండొచ్చు. 1898లో మొదలైన ‘హిల్టల్’ శాకాహార హోటల్ అక్కడ ఇప్పటికీ నడుస్తోంది. దాన్ని నడిపే కుటుంబం కోడలు మార్గ్రిత్ 1950ల్లో ఢిల్లీ వచ్చి, మన వంటల రుచి మరిగి, వాటిని తమ హోటల్లో పెట్టారట. బఫేలో నచ్చినవి ప్లేట్లో పెట్టుకుంటే తూకం వేసి బిల్లు ఇస్తారు. కొంచెం కొంచెంగా అన్నీ రుచి చూడొచ్చు.

ఇక ఊళ్లో తిరగడానికి 110వ జోన్ (నగర పరిధి) 24 గంటల టికెట్ చాలు. ట్రాముకీ, బస్సుకీ, లోకల్ రైలుకీ, లిమ్మట్ నదిలో పడవకీ అదే. గేట్లుండవు, టికెట్ మాత్రం ఎక్కకముందే కొనుక్కోవాలి.

తిండికి ఇబ్బందేమోనని అమ్మానాన్నల ప్రయాణం వాయిదా వేస్తున్నవాళ్లు ఈ ఊరితో మొదలుపెట్టండి!