కార్డు మీద సన్నబియ్యం ఎప్పుడు?

ఒకటో తారీకు వచ్చిందంటే మంగళగిరిలో చౌకదుకాణాల ముందు మళ్లీ సంచుల వరుసే. 2021లో మొదలైన రేషన్ బండ్లు 2025 జూన్ నుంచి ఆగిపోయాయి. 65 ఏళ్లు దాటినవాళ్లకూ దివ్యాంగులకూ మాత్రం సరుకు ఇంటికే ఇవ్వాలి.

మనిషికి 5 కిలోల బియ్యం, అదీ ఉచితం. అందులో పొయ్యి మీదికెక్కేది ఎంతన్నదే నా అనుమానం. వేలిముద్ర వేస్తారు, సందు మలుపు తిరక్కముందే సంచి చేతులు మారుతుంది. అలా మారిన బియ్యం ఎంత దూరం పోతుందో 2024 నవంబరులో కాకినాడ రేవులో రేషన్ బియ్యం ఎక్కించిన ఓడ దగ్గర రచ్చయినప్పుడు అందరం టీవీలో చూశాం.

జనాన్ని తిట్టి లాభం లేదండీ. కార్డు మీద ఇచ్చేది లావు బియ్యం, మన నోటికి అలవాటైందేమో సన్నరకం బీపీటీ 5204. బాపట్లలో పుట్టిన వంగడం, 1986లో బయటికొచ్చింది. కాలవ కింద మనవాళ్లు పండించేదీ అదే. 2025-26కి ఏ గ్రేడ్ ధాన్యం మద్దతు ధర క్వింటాకి 2389, అంటే 75 కిలోల బస్తాకి దాదాపు 1792 రూపాయలు. తేమ 17 శాతం దాటిందా, రైతు మళ్లీ రోడ్డు మీద ఆరబోసుకోవాలి. (డిసెంబరు మంచులో ఆరినట్టే!)

తెలంగాణలో 2025 ఉగాది నుంచి కార్డుకి సన్నబియ్యమే ఇస్తున్నారు. మన దగ్గరా ఆ ఏడాది జూన్ నుంచి బడి భోజనంలో సన్నన్నమే. బళ్లో పిల్లాడికి పెట్టగలిగింది వాడి ఇంటి కార్డుకి ఎందుకివ్వరు? ఖర్చా, మిల్లుల సంగతా? సివిల్ సప్లైస్‌లో పనిచేసేవాళ్లెవరైనా చూస్తుంటే కాస్త లెక్క చెప్పండి.