కడప బండ మీద అణా బిళ్ల

మా ప్రొద్దుటూరు బంగారు బజారులో పాత వెండి రూపాయి ఒకటి ఎవరి చేతిలోనైనా పెట్టి చూడండి. దాని మీదున్న రాజెవరని అడిగేవాళ్లు తక్కువ. తక్కెట్లో వేస్తారు, గీటురాయి తీస్తారు, వెండి ఇంతని చెప్పేస్తారు. రెండో బొంబాయి అని పేరుపడ్డ ఊరు కదా, ఆ మాత్రం లెక్క ఉండాల్సిందే. జార్జి రాజు రూపాయి సరిగ్గా తులం, అంటే 11.66 గ్రాములు. 1939 దాకా నూటికి 91 పాళ్ల పైచిలుకు వెండి, 1940 నుంచి సగానికి సగమే. ఈ లెక్క దగ్గరే కథ ముగిసిపోయి ఎన్ని రూపాయలు పట్టీలయ్యాయో, మొలతాళ్లయ్యాయో! మీ బీరువాలో నాలుగు బిళ్లలుంటే కరగకముందే ఫోటోలు తీసిపెట్టండి బాబూ.

కెమెరా లేదంటారా? ఫోను చాలు. స్టూడియో కూడా మన ఇళ్లల్లోనే ఉంది. వంటింటి గట్టుకీ, అలమార అరలకీ వేసింది కడప బండే కదా! పాలిష్ పట్టని ముక్క ఒకటి దొరికితే వెండి బిళ్లకు అంతకంటే మంచి పరుపు లేదు. కాకపోతే నలుపు చూడగానే ఫోను చీకటనుకుని వెలుతురు పెంచేస్తుంది, బిళ్ల కాస్తా పాలిపోతుంది. తెర మీద బిళ్లను తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కిందికి లాగండి, సరిపోతుంది. రాగి కానీలకు మాత్రం తెల్ల కాగితమే నప్పుతుంది.

ఫోనును మరీ దగ్గరికి తెస్తే దాని నీడే బిళ్ల మీద పడుతుంది. జానెడెత్తు పుస్తకాల దొంతర మీద సగం బయటికొచ్చేలా పెట్టి, రెండింతలు జూమ్ చేసి, రెండు సెకన్ల టైమరు పెట్టండి. ఫోను వాలిందో లేదో తెలియాలంటే బిళ్ల ఉండాల్సిన చోట చిన్న అద్దం ముక్క పెట్టండి. ఫోను కన్ను తెర నడిమధ్యలో కనబడితే సమంగా ఉన్నట్టే.

ఇక అసలు సంగతి వెలుతురు. పులివెందుల ఎండ చీనీకాయలకు మంచిదేమో గానీ బిళ్లలకు పనికిరాదు, మెరుపు తప్ప ఇంకేమీ మిగలదు. కిటికీ తలుపులు మూసి, టేబుల్ లైటు ఒకటి పక్కనుంచి వాలుగా వెయ్యండి. అదీ రాజుగారి తలవైపు నుంచి. గడ్డం వైపు నుంచి వేశారో, ఉబ్బెత్తు బుగ్గ గుంటలా కనబడుతుంది! వెలుతురు ఎప్పుడూ పైనుంచే వస్తుందని మన కంటికి అలవాటు మరి.

ఎడ్వర్డు రాజు బొమ్మతో 1907లో మొదలైన అణా బిళ్ల తీసుకోండి. అంచు వంకులు తిరిగి ఉంటుంది. వెనకవైపు దాని విలువ ఇంగ్లీషు, ఉర్దూ, హిందీ, బెంగాలీలతో పాటు తెలుగులోనూ ఉంటుంది. అరిగిన బిళ్లలో అది మామూలుగా చూస్తే ఆనదు. లైటును బల్ల మట్టానికి దించి, బిళ్ల చుట్టూ మెల్లగా తిప్పండి. ఒక చోటికి రాగానే ‘ణా’ దీర్ఘం అంచు తళుక్కుమంటుంది, దాని వెనకే మిగతా అక్షరాలు. తక్కెడకు ఎన్నడూ అందని సంగతిది.

ఈలోగా జేజి వచ్చి, “ఏంది రా ఆ మురికి? ఇంత చింతపండేసి తోమితే తళతళలాడతాది గదా!” అంటుంది. దండం పెట్టి ఆపండి. వందేళ్లుగా పట్టిన ఆ పొరే బిళ్లకు కాపు. చింతపండు పులుపు దాన్ని తినేస్తే మళ్లీ రాదు. చేత్తో పట్టుకున్నా అంచులే పట్టుకోవాలి, వేలిముద్ర చెమట కూడా మచ్చ వేస్తుంది.

జమ్మలమడుగు పక్కన గండికోటను పెమ్మసాని నాయకులు ఏలిన కాలంలో వరహాలు, పణాలు నడిచేవి. వరహా మూడున్నర గ్రాములకు కాస్త తక్కువ. పది పణాలైతే ఒక వరహా. అంత చిన్న బంగారు బిళ్లకు పక్క లైటు చాలదు. బిళ్లకూ ఫోనుకూ నడుమ గాజు పలక ఏటవాలుగా నిలబెట్టి, పక్కనుంచి వేసిన వెలుతురు దాని మీద పడి నిలువునా కిందికి దిగేలా చూడండి. ఎక్కడా నీడ ఉండదు, గీత గీతా తేలుతుంది. అయితే అలాంటివి చీనీ చెట్టుకు గుంత తవ్వుతుంటే బయటపడ్డాయనుకోండి, ఫోటో ముచ్చట తర్వాత. 1878 నాటి నిధినిక్షేపాల చట్టం ప్రకారం విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు చెప్పాల్సిందే.

ఫోటోలు వాట్సాప్‌లో తిరగడం మొదలయ్యాక ‘మీ బిళ్లకు లక్షలిస్తాం, ముందు ఫీజు కట్టండి’ అనేవాళ్లు తగులుతారు. రిజర్వు బ్యాంకు పేరే వాడుకుంటారు. తమకూ ఈ బేరాలకూ సంబంధం లేదని, ఎవరికీ పైసా కట్టొద్దని ఆ బ్యాంకే 2021 ఆగస్టులో చెప్పింది.

ఫోటో కింద ఏడాది, తూకం రాసుకోండి. ఎవరి పెళ్లిలో చదివింపులుగా వచ్చిందో, ఎవరి కొంగుముడిలోంచి దొరికిందో కూడా రాయండి. తూకం మా బజారులో ఎప్పుడడిగినా చెబుతారు. కొంగుముడి సంగతి చెప్పాల్సింది మీ జేజే. చింతపండు పక్కన పెట్టించి, ఇవాళే కూర్చోబెట్టి అడగండి.