మెత్తబడిన బ్రేక్ పెడల్

సూరత్‌లో లింబాయత్, ఉధనా వైపు ఉండే మన తెలుగువాళ్లలో ఎలక్ట్రిక్ కారు ఉన్నవాళ్లకు ఒక మాట. బ్రేక్ పెడల్ స్పాంజిలా మెత్తగా దిగుతుంటే 'ఈ కార్లు ఇంతే' అని వదిలేయకండి.

చాలావరకు మోటారే బండి వేగాన్ని తగ్గిస్తుంది కాబట్టి ప్యాడ్లు తొందరగా అరగవు. ఆ ధీమాతో బ్రేక్ ఆయిల్‌ని మరిచిపోతాం. అది మాత్రం కారు కదలకపోయినా గాలిలోని తేమ పీల్చుకుంటుంది. ఇక మన సూరత్ వానాకాలం సంగతి చెప్పాలా! తేమ చేరిన ఆయిల్ వేడికి త్వరగా మరిగి, ఆవిరి బుడగలు కడుతుంది, దాంతో పెడల్ మెత్తబడుతుంది.

కారు ఆన్ చేసి, పార్కింగ్‌లోనే ఉంచి పెడల్‌ని వరసగా తొక్కి చూడండి. గట్టిపడితే లైన్లో గాలి ఉందేమోనని అనుమానించాలి. కాలు నొక్కి ఉంచినా మెల్లగా కిందికి జారిపోతుంటే ఎక్కడో లీకు, లేదా మాస్టర్ సిలిండర్‌లో సీలు పోయినట్టు. ఇక నడపొద్దు, టో చేయించండి. గాలి ఏబీఎస్ యూనిట్‌లో చేరితే లైన్లోంచి గాలి తీసే మామూలు బ్లీడింగ్ చాలకపోవచ్చు, స్కానర్ ఉన్న మెకానిక్ కావాలి.